గడప దాటిన మూట

మా నాన్న మీద నాకు కోపం. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చివరికి వచ్చేసరికి ఆయన్ని క్షమించేస్తానని ఎవరైనా ఎదురుచూస్తారేమో, అలాంటిదేం లేదు. ఆయన ముసలివాడయ్యాడు. సెలవులకి వెళ్ళినప్పుడు నేనే మాత్రలు తీసి ఇస్తాను, పెరుగన్నం కలిపి పెడతాను. కోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

కోపం నా కోసం కాదు, మా మేనత్త కోసం. ఆవిడ మా నాన్నకి ఒక్కతే చెల్లెలు. బొబ్బిలిలో మా ఇంటి వీధిగదిలో పిల్లలకి వీణ పాఠాలు చెప్పేది. మా వాళ్ళు తరాలుగా గుళ్ళో సేవ చేసి, పాడి, వాయించి, బళ్ళో పాఠాలు చెప్పి బతికినవాళ్ళు. మగవాళ్ళు సంగీతం పట్టుకుని ఊళ్ళు తిరిగేవారు. ఆడవాళ్ళకి అదే సంగీతాన్ని శ్రద్ధగా నేర్పి ఇంట్లో కూర్చోబెట్టేవారు. అత్తకి పెళ్ళి కాలేదు. వచ్చిన ఒక్కో సంబంధాన్నీ జాతకం కలవలేదని మొదట మా తాత, తర్వాత మా నాన్న వెనక్కి పంపారు. మా అమ్మ పోయాక ఇంటిని నడిపిందీ, నన్ను పెంచిందీ ఆవిడే.

నాన్న హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. వీధిలో ఎవరింట్లో ఏ శుభకార్యం అనుకున్నా పంచాంగం చూపించుకోవడానికి మా అరుగు మీదికే వస్తారు. ఆయన ఎవరి దగ్గరా పైసా తీసుకోడు. గౌరవం తీసుకుంటాడు, అది ఎంత పెట్టినా ఆయనకి చాలదు. బయటివాళ్ళతో అచ్చం పుస్తకంలా మాట్లాడతాడు, ఇంట్లో మాత్రం మా అందరిలాగే మాట్లాడతాడు. బయటివాళ్ళకి ఆయన పెద్దమనిషి. ఇంట్లో ఆయన ‘రోజు బాగాలేదు’ అంటే ఆ పని ఇంక జరగదు.

అలా జరగనిది ఒకటి నా కళ్ళతో చూశాను. నేను చదువుకునే రోజుల్లో అత్తని సింగపూరుకి పిలిచారు. విజయనగరం నుంచి ఒక బృందం వెళ్తోంది, వీణకి ఈవిడ కావాలన్నారు. పాస్‌పోర్టు తీయించారు, ఫోటో దిగడానికి అత్త పెట్టెలోంచి పట్టుచీర తీసింది. తీరా అంతా అయ్యాక నాన్న పంచాంగం మూసి, మూఢం వచ్చింది, కొత్త ప్రయాణం పనికిరాదన్నాడు. బృందంలో మిగతావాళ్ళకి ఆ మూఢం అడ్డం రాలేదు. అత్త బదులు ఇంకెవరో వెళ్ళి వాయించి వచ్చారు. ఆ పాస్‌పోర్టు ఒక్క ముద్ర కూడా పడకుండా ఇనప్పెట్టెలో పడుకుంది.

అందుకే కొలంబో నుంచి పిలుపు వచ్చినప్పుడు నాకు సంతోషం కన్నా ముందు భయం వేసింది.

పిలిచింది అత్త దగ్గర చిన్నప్పుడు వీణ నేర్చుకున్న అమ్మాయి. పెళ్ళయి అక్కడికి వెళ్ళింది, భర్త ఏదో బట్టల ఫ్యాక్టరీలో ఇంజనీరు. అక్కడి గుళ్ళో దసరా నవరాత్రులకి రోజూ సాయంత్రం కచేరీలు పెడతారట. శుక్రవారం సాయంత్రం గంటసేపు మా అత్తకి ఇప్పించింది. టికెట్టు పంపుతానంది, తన ఇంట్లోనే ఉండమంది. వీణ కూడా మోసుకెళ్ళక్కర్లేదు, బొబ్బిలిలో చేయించి తనతో పట్టుకెళ్ళిన వీణే ఉంది. అత్త చేయాల్సిందల్లా వెళ్ళి కూర్చుని వాయించడమే.

ఇంకో సంగతి ఉంది. అత్త ఎడమచేతి చూపుడువేలి కణుపు అప్పటికే వాచడం మొదలైంది. శ్రీకాకుళంలో ఎముకల డాక్టరుకి నేనే చూపించాను. వీణ మెట్ల మీద తీగని నొక్కి లాగే వేలు అది. వాడేకొద్దీ ముదురుతుంది కానీ తగ్గేది కాదన్నాడాయన. పెద్ద కచేరీలేమైనా చేయాలని ఉంటే ఆలస్యం చేయొద్దని నెమ్మదిగా చెప్పాడు. బస్సులో వస్తున్నంతసేపూ అత్త ఆ వేలిని ఇంకో చేత్తో పట్టుకునే కూర్చుంది. డాక్టరు చెప్పిన మాట ఇంటికి రాగానే నాన్నకి చెప్పాను. ఆయనకి తెలియదు అనడానికి వీల్లేదు.

శ్రీలంక వెళ్ళడానికి మనవాళ్ళు ముందుగా వీసా వేయించుకోనక్కర్లేదు. బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి, అంతే. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, ఎప్పుడు దిగుతారు, ఎవరింట్లో ఉంటారు, ఇవన్నీ నింపి కార్డుతో ఫీజు కడితే అనుమతి మెయిల్లో వచ్చేస్తుంది. ఆ అనుమతి మనిషికి కాదు, పాస్‌పోర్టు నంబరుకి ఇస్తారు. నేను ఎచ్చెర్లలో యూనివర్సిటీ ఆఫీసులో పనిచేస్తాను, పొద్దున్న లేస్తే పిల్లల ఆన్‌లైన్ దరఖాస్తులు చూడడమే నా ఉద్యోగం. ఇది నాకు టీ తాగినంతసేపటి పని. అత్తకి ఫోన్ చేసి నంబరు చదవమన్నాను. అత్త చేతిలోంచి నాన్న ఫోన్ తీసుకున్నాడు. అలాంటివి ఫోన్లో చెప్పకూడదట, రోజులు బాగాలేవట, వచ్చి చూసుకోమన్నాడు. గురువారం ప్రయాణం. మంగళవారం సెలవు పెట్టి వస్తాను, పాస్‌పోర్టు బయటకి తీసి ఉంచమన్నాను.

మంగళవారం రాజాం మీదుగా బస్సెక్కి బొబ్బిలి చేరేసరికి అత్త ఇద్దరు పిల్లలకి పాఠం చెబుతోంది. నాన్న అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నాడు. కాళ్ళు కడుక్కుని పాస్‌పోర్టు ఇమ్మన్నాను. ఆయన పేపరు దించకుండానే చెప్పాడు.

“పాస్‌పోర్టు ఇంట్లో లేదు. నిన్ననే పరస్తానం పెట్టీసాను.”

ప్రస్థానం అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. బయల్దేరాల్సిన రోజు మంచిది కాకపోతే, అంతకు ముందే ఒక మంచి ఘడియ చూసి, ప్రయాణానికి సంబంధించిన వస్తువేదో మూటగట్టి ఇంకొకరి ఇంట్లో పెడతారు. ఆ మూట గడప దాటిందంటే మనిషి కూడా ఆ ఘడియలోనే బయల్దేరినట్టు లెక్క. తర్వాత అసలు రోజున వెళ్తూ వెళ్తూ మూట తీసుకుని పోవడమే, మళ్ళీ ఇంటికి తేకూడదు. గురువారం దక్షిణానికి వెళ్ళకూడదట, వారశూల. కొలంబో దక్షిణం. అందుకని సోమవారం పొద్దున్నే మంచి ఘడియ చూసి ప్రస్థానం పెట్టాడు. అందరూ పంచో, చీరో, గుప్పెడు బియ్యమో పెడతారు. మా నాన్న బుర్ర పెద్దది కదా, విమాన ప్రయాణానికి అసలు సరుకు పాస్‌పోర్టే అని అది పెట్టాడు. ఒక రవికెల గుడ్డలో పసుపు కొమ్ముతో, అక్షింతలతో పాస్‌పోర్టుని మూటగట్టి మూడిళ్ళ అవతల పిన్ని ఇంట్లో పెట్టించాడు. పిన్ని అంటే చుట్టం కాదు, వీధిలో పెద్దావిడ.

అనుమతి కోసం నంబరు కావాలి నాన్నా అన్నాను. మూట వెనక్కి తేవడం కుదరదన్నాడు. వెనక్కి తేనక్కర్లేదు, అక్కడే విప్పి చూసి, అక్కడే కట్టేస్తానన్నాను. విప్పడమూ కుదరదన్నాడు. ఇంత చదువు చదివి ఈమాత్రం తెలీదేటే అని నన్నే ఎదురడిగాడు.

నేను తిన్నగా పిన్ని ఇంటికి వెళ్ళాను. మూట దేవుడి పెట్టె పక్కన, పీట మీద కనబడుతూనే ఉంది. పిన్ని నన్ను చూడగానే దానికి అడ్డంగా నిలబడింది. మంచి మనిషి, నాకు చిన్నప్పుడు జడలు వేసింది. “మాస్టారు సెప్పినారమ్మా, ఎవులొచ్చినా తియ్యనివ్వొద్దని. ఇప్పితే ఎల్లిన పని అవదు తల్లీ” అంది. పని అవ్వాలనే విప్పమంటున్నానని ఎంత చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు. నా గొంతు వీధిలోకి వినిపించినట్టుంది, అత్త పాఠం ఆపేసి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“గొడవొద్దే. ఆయనకి కోపమొస్తే ప్రయాణమే ఆపీస్తాడు. ఇప్పటికి ఎళ్ళనిస్తన్నాడు గదా” అని నా చెవిలో అంది.

అరవై దాటిన మనిషి. ఊళ్ళో సగంమంది ఆడపిల్లలకి సరిగమలు నేర్పిన మనిషి. అన్నగారికి కోపం వస్తుందేమోనని నా చెవిలో గుసగుసలాడింది. నా ఒళ్ళు మండిపోయింది. ఆవిడ చేతి పట్టులో ఉన్న భయం చూసి మాత్రమే వెనక్కి వచ్చాను.

ఇంటికి వచ్చేసరికి నాన్న ఇనప్పెట్టె తీసి ఒక జిరాక్సు కాయితం చేతిలో పట్టుకుని ఉన్నాడు. పాస్‌పోర్టు మొదటి పేజీకి తీయించిన జిరాక్సు. నంబరు కావాలన్నావు, ఇదిగో నంబరు, దీనికోసం వీధికెక్కాలా అన్నాడు. కాయితం మీద అత్త ఫోటో ఉంది, గడువు తేదీకి ఇంకా ఏళ్ళున్నాయి. అయినా ఆఫీసు అలవాటు కొద్దీ అడిగాను, మూటలో ఉన్నది ఇదేనా అని. అరుగు మీద కూర్చున్న ఇద్దరు మనుషులు వింటుండగా ఆయన నవ్వాడు.

“ఒక మనిషికి రెండు పాస్‌పోర్టులుంటాయేటే?”

వాళ్ళు కూడా నవ్వారు. క్లాసులో మొద్దుపిల్లని నిలబెట్టినట్టు నిలబెట్టాడు నన్ను. నేను లోపలికి వెళ్ళి, లాప్‌టాప్ తీసి, ఆ నంబరుతోనే దరఖాస్తు నింపాను. సాయంత్రానికల్లా అనుమతి వచ్చేసింది. మర్నాడు బస్టాండు దగ్గర ప్రింటు తీయించాను. అత్త ఆ కాయితాన్ని రెండుసార్లు చదివించుకుని, మడత పడకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. దీని మీద నా పేరే కదా అని అడిగింది.

గురువారం పొద్దున్న కారు మాట్లాడుకుని ముగ్గురం బయల్దేరాం. పిన్ని ఇంటి ముందు ఆపితే ఆవిడ మూట తెచ్చి అత్త ఒళ్ళో పెట్టింది. విజయనగరం దాటేదాకా అత్త ఆ మూట విప్పలేదు, నాన్న ముందుసీట్లో ఉన్నాడు మరి. వెనకసీట్లో మోకాలి మీద ఎడమచెయ్యి పెట్టుకుని వేళ్ళు కదుపుతూనే ఉంది. శుక్రవారం ఏం వాయించాలో మనసులో వాయించుకుంటోందని నాకు తెలుసు. ఆ కాసేపు మాత్రం నేను నాన్నని కూడా మర్చిపోయాను.

విశాఖపట్నం ఎయిర్‌పోర్టు దగ్గర దిగాక మూట విప్పి, పాస్‌పోర్టు చేతికిచ్చి, అత్తని లోపలికి పంపాం. మద్రాసులో విమానం మారి కొలంబో వెళ్ళాలి, కాయితాలన్నీ ఇక్కడ కౌంటర్లోనే చూస్తారు. మేమిద్దరం అద్దాల బయట నిలబడ్డాం. అత్త మాకేసి చూసి చెయ్యూపి, వరసలో నిలబడింది. కౌంటర్లో అమ్మాయి కాయితం చూసింది, పాస్‌పోర్టు చూసింది, మళ్ళీ కాయితం చూసింది. తర్వాత ఇంకొకర్ని పిలిచింది. కాసేపటికి అత్త రెండూ చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది. కాపలా మనిషిని బతిమాలితే మాట్లాడనిచ్చాడు.

నంబర్లు కలవలేదట.

అద్దానికి ఆనించి పట్టుకున్న ఆ పాస్‌పోర్టుని నేను చూడడం అదే మొదటిసారి. కొత్తది. ఇచ్చిన తేదీ హుద్‌హుద్ తుఫాను తర్వాతది. ఆ తుఫానుకి మా ఇంటి పెంకులు లేచిపోయి ఇనప్పెట్టెలోకి కూడా నీళ్ళు పోయాయని విన్నాను. నేనప్పుడు ఆమదాలవలసలో అద్దెకుండేదాన్ని, ఇంట్లో ఏమేం తడిసిందీ నాకు తెలియదు. ఎప్పుడూ ఏమీ అడగని అత్త, తడిసి ముద్దయిన పాస్‌పోర్టు చూసి, నాకిది మళ్ళీ కావాలని అడిగిందట. కొత్తది తీయించింది నాన్నే. వైజాగు తీసుకెళ్ళి, దగ్గరుండి సంతకం పెట్టించి, వచ్చాక పెట్టెలో పెట్టి తాళం వేసింది కూడా ఆయనే. పాతదాని జిరాక్సు మాత్రం ఎలా మిగిలిందో మిగిలింది. ఇదంతా ఆ అద్దం ముందు నిలబడి అత్త చెబితే తెలిసింది.

నాన్నకేసి తిరిగాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, అవును, అప్పుడు మార్పించాను కదా, జ్ఞాపకం లేదు అన్నాడు.

నిజంగానే జ్ఞాపకం లేదో, ఉండీ ఊరుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. చాలాకాలం ఆ ఒక్కటీ తెలిస్తే బాగుండుననుకున్నాను. ఇప్పుడనుకోవడం లేదు. చెల్లెలు ఏళ్ళకేళ్ళు ఎదురుచూసిన ప్రయాణం ఆయనకి జ్ఞాపకం పెట్టుకోదగ్గ విషయం కాకపోవడం, కావాలని చెడగొట్టడం కన్నా గొప్పదేమీ కాదు.

ఫోన్ తీసి అక్కడే మళ్ళీ దరఖాస్తు మొదలుపెట్టాను. అత్త అద్దం అవతల పాస్‌పోర్టు విప్పి పట్టుకుంటే ఒక్కో అంకే చూసి కొట్టాను. సిగ్నల్ పోయింది, పేజీ మొదటికొచ్చింది, మళ్ళీ కొట్టాను. ఫీజు కట్టాను. ఇంక మెయిల్ రావాలి. కౌంటర్లో అమ్మాయిని కాసేపు ఆగమని అత్త చేత అడిగించాను. ఆ పిల్ల ఆగింది కూడా. కొలంబోలో దిగాక కూడా అనుమతి ఇస్తారని పక్కనెవరో అన్నారు. ఇస్తారేమో, కానీ ఇక్కడ ఎక్కనివ్వాలి కదా. కాయితం సరిగ్గా లేనిదే పంపలేమని ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. ఆవిడ తప్పేమీ లేదు. అరవడానికి ఆవిడ పనికిరాదని తెలిసి నాకింకా మండింది. కౌంటరు మూసేశారు. అత్త సంచీ తీసుకుని బయటికి వచ్చేసింది.

మెయిల్ ఆ తర్వాత వచ్చింది. కారు దగ్గర మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా నిలబడి ఉన్నప్పుడు ఫోన్ మోగింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి, అనుమతి మంజూరైంది.

అప్పుడు మా నాన్న నోరు విప్పాడు. “గురువారం దచ్చినం పనికిరాదని నాను ముందే సెప్పాను. ఇంటికి పోదాం పదండి. వచ్చే ఏడు నవరాత్రులు రావేటి?”

నేను ఆయన్ని పబ్లిగ్గా, కారు డ్రైవరు ముందు, నోటికొచ్చినట్టు తిట్టాను. ఏమన్నానో ఇక్కడ రాయను, రాసినా సంపాదకులు ఉంచరు. మా ఇంట్లో కూతురు తండ్రితో అలా మాట్లాడ్డం ఎవరూ ఎరగరు. ఆయన తెల్లబోయి, చూశావా, నీ పెంపకం ఎలా ఉందో అని అత్తనే అన్నాడు. అంతవరకూ అత్త నేల చూస్తూ ఉంది. ఆ మాటకి తలెత్తింది.

“మూట గడప దాటితే మరి ఇంటికి తేకూడదన్నావు గదా అన్నయ్యా. మూటకున్నపాటి విలువ నాకు లేదేటి? నేను ఇంటికి రాను.”

గొంతు పెంచలేదు. సంచీ కారులో పెట్టనివ్వలేదు. జీవితమంతా నాన్న ఇతరులకి చెప్పిన శాస్త్రం అది, కాదనడానికి లేదు. నీ ఇష్టం అని ముందుసీట్లో కూర్చుని వెళ్ళిపోయాడు.

గోపాలపట్నంలో నా స్నేహితురాలి ఇంట్లో ఉన్నాం ఇద్దరం. టికెట్టు శనివారానికి మార్పించాను. కొలంబో అమ్మాయికి ఫోన్ చేస్తే ఏడ్చేసింది. శుక్రవారం జరగదంటే ఇంకేరోజూ లేదట, తొమ్మిది సాయంత్రాలకీ ఎవరెవరు వాయిస్తారో ముందే అచ్చువేసి పంచేశారు. అయినా రమ్మంది. నేను అత్తని అడిగాను, కచేరీ లేకపోయినా వెళ్తావా అని. వెళ్తానంది. శుక్రవారం సాయంత్రం కచేరీ మొదలయ్యే వేళకి స్నేహితురాలింట్లో అత్త గోడకి చేరబడి కూర్చుంది. టీవీ పెట్టమన్నారు ఆ ఇంటి పిల్లలు, పెట్టాను. అత్త అటు చూడనూ లేదు, నాతో మాట్లాడనూ లేదు. అంత కోపం ఆవిడలో నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

శనివారం కౌంటర్లో ఎవరూ ఎవర్నీ పిలవలేదు, అత్త వెళ్ళిపోయింది.

ప్రయాణం పూర్తయింది కనక, వారం తర్వాత బొబ్బిలి ఇంటికే వచ్చింది. అక్కడి సంగతులు మెల్లమెల్లగా చెప్పింది. శుక్రవారం సాయంత్రం ఆవిడ చోట్లో ఎవరో వేణువు వాయించారట. శిష్యురాలు గుడివాళ్ళని బతిమాలగా ఆదివారం మధ్యాహ్నం కాసేపు కూర్చోనిచ్చారట. జనం సాయంత్రానికి గానీ రారు. ఆడవాళ్ళు మండపంలో ఒక మూల దండలు కడుతున్నారు, మైకు మనిషి వైర్లు సర్దుకుంటున్నాడు. రెండు కీర్తనలు వాయించేసరికి గర్భగుడి తలుపులు తెరిచే వేళయింది, ఆపెయ్యమన్నారు. ఎవరైనా విన్నారా అని అడిగాను. ఒకావిడ దండ కట్టడం ఆపి విందంది. “బాగానే వాయించానే” అని తన వేలికేసి చూసుకుంది.

ఆ చలికాలం దాటేసరికి వేలు వంగడం మానేసింది. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు కుడిచేత్తో మీటి, స్వరం నోటితో పాడి వినిపించేది. వచ్చే ఏడు నవరాత్రులు రావా అన్నాడు కదా మా నాన్న, అవి వచ్చాయి, ఆ పై ఏడూ వచ్చాయి. గంటసేపు కచేరీ మాత్రం ఆవిడ వేళ్ళకి మళ్ళీ రాలేదు. ఆ గంట ఎవరు తిరిగి ఇస్తారు? నాన్న ఇస్తాడా, పంచాంగం ఇస్తుందా, మూటకి కాపలా కాసిన పిన్ని ఇస్తుందా? పిన్ని మీద కూడా నాకు కోపమే. మంచివాళ్ళు కదా అని ఎవరినీ వదిలెయ్యలేను.

నాన్న సంగతి ఇంకా చెప్పలేదు. అత్త కొలంబో నుంచి వచ్చిన మర్నాటి నుంచే ఆయన అరుగు మీద కొత్త కథ మొదలైంది. మా చెల్లి విదేశాల్లో కచేరీ చేసి వచ్చింది, గురువారం వారశూల అయినా ప్రస్థానం పెట్టబట్టి క్షేమంగా వెళ్ళొచ్చింది అని చెప్పేవాడు. వినేవాళ్ళు తలలూపేవారు. ప్రస్థానం మహిమ విని ఇంకో ఇద్దరు ప్రయాణాలకి ముహూర్తం పెట్టించుకున్నారు కూడా. నేను ఉన్నప్పుడు ఆ మాట ఎత్తితే లేచి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. అత్త విననట్టు ఉండేది. ఆవిడ ఊరుకోవడం చూసి, మళ్ళీ పాత భయంలోకి వెళ్ళిపోయిందేమోనని ఆవిడ మీద కూడా విసుక్కున్నాను.

రెండేళ్ళ తర్వాత అనుకుంటాను, విజయనగరం నుంచి ఒక సంగీత సభవాళ్ళు వచ్చారు. వాళ్ళ ఉత్సవాల్లో అత్తకి శాలువా కప్పుతారట, ఆహ్వానపత్రంలో వేయడానికి ఆవిడ వివరాలు కావాలన్నారు. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను, వాళ్ళకి కాఫీలు ఇచ్చింది నేనే. వివరాలు అత్తని అడగలేదు వాళ్ళు, అరుగు మీద పెద్దమనిషిని అడిగారు. అత్త గదిలో పాఠం చెబుతోంది. నాన్న గొంతు సవరించుకుని, గురుపరంపర దగ్గర్నుంచి మొదలుపెట్టి చక్కటి తెలుగులో చెబుతూ ఉంటే, వాళ్ళలో ఒకాయన రాసుకుంటున్నాడు. విదేశాల్లో సైతం కచేరీ చేసి ప్రశంసలందుకున్నారు, కొలంబో నగరంలో, నవరాత్రి ఉత్సవాల్లో, అని చెప్పాడు నాన్న.

గదిలో పాఠం ఆగింది. అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“అది రాయకండి. కచేరీ అవలేదు. నేను ఎళ్ళేసరికి నా పూట అయ్యిపోనాది.”

రాసుకునే ఆయన మర్యాదకి నవ్వి, ఏం జరిగిందమ్మా, విమానం ఆలస్యమా అని అడిగాడు.

“విమానం సరిగ్గానే వచ్చిందండి. నన్ను చేరనివ్వనిది మా అన్నయ్య.”

ఆ మాట చెప్పి ఆవిడ అక్కడే నిలబడింది, లోపలికి వెళ్ళలేదు. సభవాళ్ళిద్దరూ కాఫీ గ్లాసులు పట్టుకుని మా నాన్నకేసి చూశారు. వీధిలో ఎవరి ముందూ మాటకి తడుముకోని మనిషి, ఆ అరుగు మీద, ఆ పడక్కుర్చీలో, కళ్ళజోడు తీసి పైపంచెతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. చెల్లెలికేసి చూడలేదు, నాకేసీ చూడలేదు. ఆఖరికి ఆ రాసుకునే ఆయనతో, “కొట్టెయ్యండి” అన్నాడు.

ఆయన పెన్నుతో ఆ వాక్యం కొట్టేశాడు. అత్త అది కొట్టేసేదాకా చూసి, పాఠానికి వెళ్ళిపోయింది.

తప్పు ఒప్పుకోవడానికి దగ్గరగా మా నాన్న నోట వచ్చిన మాట ఇన్నేళ్ళలో అదొక్కటే. అత్తకి అది చాలిందేమో, ఆ తర్వాత ఆయనతో మామూలుగానే ఉంది. నాకు చాలలేదు.